పిల్లలతో, పెద్దవాళ్ళతో హంగేరీ చిన్న ఊళ్ళకు: ఏ కాలంలో ఏ ఊరు?

బుడాపెస్ట్‌కి కొత్తగా వచ్చిన మన వాళ్ళు మొదటి రెండు మూడు నెలల్లో పార్లమెంటు, బుడా కోట, చైన్ బ్రిడ్జి అన్నీ చూసేస్తారు. ఆ తర్వాత శని, ఆదివారాలు ఏం చెయ్యాలో తోచదు. వియన్నా, ప్రాగ్ అంటూ పక్క దేశాల టికెట్లు వెతకడం మొదలుపెడతారు. మేమూ అదే చేశాం. ఈ దేశంలో చిన్న ఊళ్ళు ఎంత బాగుంటాయో, ఒక్కో ఊరికి ఒక్కో కాలంలో ఎలాంటి కళ వస్తుందో తెలియడానికి మాకు మూడేళ్ళు పట్టింది. మీకు అంత కాలం పట్టకూడదనే ఇది రాస్తున్నాను.

మా ఇంట్లో తొమ్మిదేళ్ళ బాబు, నాలుగేళ్ళ పాప. రెండేళ్ళకోసారి కైకలూరు నుంచి అమ్మ, నాన్న వచ్చి రెండు నెలల పైనే ఉంటారు. నాన్నకి డెబ్భై దాటాయి, బాగానే నడుస్తారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఈ ఆరుగురం కలిసి, లేదా నలుగురం కలిసి తిరిగిన ఊళ్ళలో నాలుగింటిని ఇక్కడ పోల్చి చెబుతాను: మొహాచ్, తాతా, సెంటెండ్రె, కోసెగ్. మొదటి రెండూ చలికాలానివి, మిగతా రెండూ ఎండ వచ్చాక వెళ్ళాల్సినవి.

ఎంచుకునే ముందు ఒక్క మాట. చాలామంది ముందు పండుగ ఎంచుకుని, తర్వాత ఇంట్లో వాళ్ళను దానికి సర్దాలని చూస్తారు. నా అనుభవంలో అది తిరగబడుతుంది. ముందు మీతో ఎవరు వస్తున్నారో చూసుకోండి. రెండేళ్ళ పిల్లాడా, పదేళ్ళ పిల్లాడా, మోకాళ్ళ నొప్పులున్న అమ్మా, చలికి అలవాటు లేని అత్తగారా? దాన్ని బట్టి ఊరు, రోజు, ఆ రోజులో ఏ గంట అన్నది దానంతట అదే తేలుతుంది.

చలికాలం: మొహాచ్ గోల, తాతా సాయంత్రం

మొహాచ్ దక్షిణాన, డాన్యూబ్ ఒడ్డున ఉన్న చిన్న పట్టణం. 1526లో ఒట్టోమన్ సైన్యం చేతిలో హంగేరీ రాజ్యం కుప్పకూలిన యుద్ధం జరిగింది ఈ ఊరి దగ్గరే. ఇక్కడి బడి పిల్లలందరికీ ఆ పేరు తెలుసు. ఫిబ్రవరిలో మాత్రం ఈ ఊరు పేరెత్తితే గుర్తొచ్చేది బుషోయారాష్ అనే పండుగ. చెక్క ముసుగులు, గొర్రెతోలు కోట్లు వేసుకున్న 'బుషో'లు వందల మంది ఆరు రోజుల పాటు వీధుల్లో తిరుగుతారు. 2009లో యునెస్కో దీన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇది అక్కడి షొకాట్స్ అనే క్రొయేషియన్ సంతతి వాళ్ళ ఆచారం. ఊరి కథ ప్రకారం, తురుష్కులకు భయపడి జనం డాన్యూబ్ అవతలి చిత్తడి నేలల్లో తలదాచుకున్నారట. తర్వాత ఒక రాత్రి భయంకరమైన ముసుగులు తొడుక్కుని, గంటలు మోగిస్తూ పడవల్లో నది దాటి వచ్చి శత్రువుల్ని తరిమేశారట. ఇంకో మాట కూడా చెబుతారు: బుషోలు తరిమేది చలికాలాన్ని అని. ఆదివారం పడవల్లో నది దాటి రావడం, చీకటి పడ్డాక సేచేని కూడలిలో పెద్ద మంట వేయడం, మంగళవారం చలికాలాన్ని శవపేటికలో పెట్టి తగలబెట్టడం చూస్తే ఆ రెండో మాటే మనకు దగ్గరగా అనిపిస్తుంది. ఆ మంట చుట్టూ నిలబడితే భోగి గుర్తురాని తెలుగువాడు ఉండడు.

ముసుగును విల్లో చెక్కతో చెక్కుతారు. పూర్వం జంతు రక్తంతో ఎరుపు రంగు వేసేవారు. కోటును ఉన్ని పైకి వచ్చేలా తిరగేసి తొడుక్కుంటారు, నడుముకు పశువుల గంటలు కట్టుకుంటారు, చేతిలో కెరెప్లో అనే చెక్క గిలక. మా బాబుకి ఆరేళ్ళున్నప్పుడు ఒక బుషో వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి పట్టుకుని తన కోటు మీద పెట్టించాడు. నేను పక్కనే ఉన్నాను. అంత దగ్గర నుంచి చూస్తే చెక్క మీద ఉలి గాట్లు కనిపించాయి, కొమ్ముల మొదట్లో తోలు కట్లు కనిపించాయి. తడి ఉన్ని వాసన, పొగ వాసన కలిసి కొట్టాయి. కళ్ళ రంధ్రాల లోపల ఎవరో కుర్రాడి కళ్ళు నవ్వుతున్నాయి. ఆ కళ్ళు చూశాకే మావాడు బిగబట్టిన ఊపిరి వదిలాడు. వాడికి ఇప్పటికీ హంగేరీ అంటే అదే.

అంత గొప్ప పండుగే అయినా, నాలుగేళ్ళ లోపు పిల్లలతో ఆదివారం వెళ్ళొద్దని గట్టిగా చెబుతాను. మా పాపకి రెండేళ్ళప్పుడు తీసుకెళ్ళి తప్పు చేశాం. పొగ, తోపులాట, ఫిరంగి మోతలు. మొదటి మోతకే పాప బెదిరిపోయింది. పాపని కూర్చోబెట్టిన తోపుడు బండి జనంలో ఇరుక్కుని ముందుకీ వెనక్కీ కదల్లేదు. గంటలో తిరిగి కారెక్కాం. పాపకి ఆ రాత్రంతా ఉలికిపాటే. వీటికి తోడు యాంకెలె అనే వేషగాళ్ళు ఉంటారు. గుడ్డలు, పిండి కుక్కిన సంచులతో దారిలోని వాళ్ళను సరదాగా కొడుతూ తోవ చేస్తుంటారు. పెద్ద పిల్లలకు అది ఆట. చిన్న పిల్లలకు ఏడుపు.

చిన్న పిల్లలుంటే గురువారం వెళ్ళండి. ఆ రోజు ఊరి పిల్లలు వేషాలు వేసుకుని తిరిగే చిన్న పండుగ. జనం తక్కువ, మోతలు తక్కువ. బడికి సెలవు పెట్టించాల్సి వస్తుంది, అయినా ఫరవాలేదు. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలుంటే ఆదివారమే వెళ్ళాలి, ఇంకో మాట లేదు. పడవలు ఒడ్డుకు వచ్చేటప్పటికి నది దగ్గర ఉండేలా చూసుకోండి. పడవలు దాటాక జనమంతా ఊళ్ళోకి తిరుగుతారు, అప్పుడు మీరు తొందరపడకుండా వెనకాల వెళ్ళండి. మంగళవారం ముగింపు నాడు బయటి వాళ్ళు తగ్గి ఊరి వాళ్ళు ఎక్కువగా కనిపిస్తారు. గోల లేకుండా మంట చూడాలంటే ఆ రోజు మేలు.

తేదీ ఏటా మారుతుంది. ఈస్టర్‌ను వసంత విషువత్తు తర్వాతి పౌర్ణమిని బట్టి లెక్కిస్తారు, ఈ పండుగ ఈస్టర్‌కు 47 రోజుల ముందు వచ్చే మంగళవారంతో ముగుస్తుంది. మన పండుగల తేదీలు చంద్రుణ్ణి బట్టి మారినట్టే ఇదీనూ. 2027లో ఈస్టర్ మార్చి 28న. కాబట్టి బుషోల గురువారం ఫిబ్రవరి 4, ఆదివారం 7, ముగింపు మంగళవారం 9. బుడాపెస్ట్ నుంచి కారులో ఎం6 రహదారి మీద సుమారు రెండు గంటల ప్రయాణం. రైలైతే మధ్యలో మారాలి, ఆలస్యం, పిల్లలతో అది వద్దు. పండుగ ఆదివారం ఊరి మధ్యలో పార్కింగ్ దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. ఊరి బయట కారు వదిలి నడవాలి. అమ్మమ్మలకు, నానమ్మలకు మొహాచ్ కష్టమవడానికి సగం కారణం ఈ నడకే. మిగతా సగం అన్ని గంటలు చలిలో నిలబడటం.

ఇక తాతా. బుడాపెస్ట్‌కి పడమరగా సుమారు 70 కిలోమీటర్లు, రైల్లో గంటకు కాస్త అటూ ఇటూ. ఊరి పేరు విన్నప్పుడు మా పిల్లలు పడీ పడీ నవ్వారు. ఇంకా చిత్రమేమిటంటే, హంగేరియన్ వాడుకలో కూడా ముసలాయన్ని 'తాతా' అంటారు. తాతని తాతాకి తీసుకెళ్తున్నాం అని మావాడు బడిలో చెప్పుకున్నాడు. టీచరుకి ఏ వివరణా అక్కర్లేకపోయిందట.

ఊరి మధ్యలో ఒరెగ్ తో, అంటే ముసలి చెరువు. తాతా ఊళ్ళో ముసలి చెరువు! రెండు వందల హెక్టార్లు దాటే నీళ్ళు, ఒడ్డున పాత కోట, చుట్టూ ఏడు కిలోమీటర్ల దాకా చదునైన బాట. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉత్తరాన టండ్రా నుంచి అడవి పెద్దబాతులు వేల సంఖ్యలో వచ్చి రాత్రిళ్ళు ఈ చెరువులో పడుకుంటాయి. పగలు చుట్టుపక్కల పొలాల్లో మేసి, పొద్దు గూకే వేళకు తిరిగి వస్తాయి. నవంబరు చివరి వారాంతంలో ఈ పక్షుల పేరు మీద ఒక పండుగ రోజు చేస్తారు. టెలిస్కోపులు పెట్టి పిల్లలకు చూపిస్తారు, చేతి పనులు నేర్పిస్తారు, తెల్లవారుజామున పక్షులు లేచిపోయేటప్పుడు, సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు జనమంతా ఒడ్డున చేరతారు.

మేము వెళ్ళిన రోజు మూడున్నరకే ఒడ్డుకు చేరాం. నవంబరు చివర ఇక్కడ సాయంత్రం నాలుగు లోపే పొద్దు గూకుతుంది. అమ్మ చీర లోపల థర్మల్ ప్యాంటు, కాళ్ళకు మా ఆయన పాత స్నో బూట్లు, పైన నా కోటు. బల్ల మీద కూర్చుని ఫ్లాస్కులో టీ తాగుతోంది. ముందు పడమటి వైపు సన్నటి గీత కనిపించింది. తర్వాత దూరంగా కుక్కల గుంపు మొరుగుతున్నట్టు చప్పుడు. ఆ గీత రెండయింది, పదయింది, ఆకాశం అంతా గీతలే. చెరువు మీదకి రాగానే పక్షులు గాల్లోనే పక్కకి దొర్లి, వెల్లకిలా తిరిగి, గాలిపటం తెగినట్టు గింగిరాలు కొడుతూ ఎత్తు దిగాయి. నీళ్ళు తాకిన చోటల్లా తెల్లటి చార. నాన్న లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేశారు. "మన ఆటపాక గూడబాతులు ఇంత గోల చెయ్యవమ్మా," అన్నారు, కళ్ళు ఆకాశం మీద నుంచి తీయకుండానే. కొల్లేటి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. యూరప్ చూపించమని ఆయన ఏనాడూ అడగలేదు. ఆ సాయంత్రం మాత్రం చీకటి పూర్తిగా పడేదాకా కదలనన్నారు.

ఆ వారాల్లోనే ఇంకో విశేషం ఉంటుంది. శరదృతువు చివర చెరువు నీటిని బాగా తగ్గించి చేపలు పడతారు. నవంబరు చివరా, డిసెంబరు మొదట్లో ఆ పట్టుబడిని కూడా ఊరంతా కలిసి ఒక వేడుకలా చేసుకుంటారు. వలలో ఎక్కువగా పడేది కార్ప్, మన వైపు బంగారు తీగ అనే చేపే. క్రిస్మస్ ముందు రాత్రి హంగేరియన్ ఇళ్ళలో చేపల పులుసు ఉండి తీరాలి కాబట్టి సరిగ్గా అప్పుడే గిరాకీ. చెరువు గట్టు మీద నాన్నకి చెప్పాల్సిన పని లేకపోయింది. ఆయనే మాకు చెప్పారు, వల ఎటు నుంచి ఎటు లాగుతారో, ఎందుకు అటే లాగాలో.

ఈ రెంటిలో ఏది? చలికాలంలో ఒక్కటే వెళ్ళగలిగితే, ఇంట్లో ఎనిమిది నుంచి పదిహేనేళ్ళ పిల్లలుంటే మొహాచ్. మిగతా అందరికీ తాతా. కారణం పక్షులు మాత్రమే కాదు. మొహాచ్ ఆ ఆరు రోజులు తప్పితే మళ్ళీ ఏడాదికే. తాతాలో పండుగ రోజు తప్పిపోయినా, డిసెంబరులోనో జనవరిలోనో చెరువు గడ్డకట్టని ఏ సాయంత్రమైనా వెళ్ళొచ్చు. పిల్లకి జలుబు చేసిందనుకోండి, వచ్చే వారానికి మార్చుకుంటారు, టెన్షన్ లేదు. పైగా ఆ మామూలు రోజుల్లో ఒడ్డున జనం ఉండరు, పక్షుల చప్పుడు ఇంకా బాగా వినిపిస్తుంది. పండుగ నాడు టెలిస్కోపులు, వివరించి చెప్పేవాళ్ళు ఉంటారు, అది దాని లాభం. మేము రెండు విధాలా వెళ్ళాం. నాకైతే జనవరి సాయంత్రమే ఎక్కువ నచ్చింది.

తాతాకి పొద్దున్నే వెళ్ళి సాయంత్రం దాకా ఏం చేస్తాం అంటే, కోటలో మ్యూజియం ఉంది, చలిలో ఒక గంట లోపల గడపొచ్చు. 1763 నాటి ఎనిమిది పలకల చెక్క గడియార స్తంభం ఉంది. 1783లో మొదలుపెట్టిన ఇంగ్లిష్ తోట ఉంది, అందులో కావాలని కట్టిన కృత్రిమ శిథిలాలు చూసి మావాడు "ఎందుకు విరగ్గొట్టి కట్టారు?" అని అడిగాడు. మే నెల చివర ఇదే ఊళ్ళో ఒట్టోమన్ కాలపు యుద్ధాన్ని వేషాలతో ఆడి చూపించే ఉత్సవం కూడా చేస్తారు. అమ్మానాన్నలు ఎండాకాలంలో వచ్చే ఇంటివాళ్ళు దాన్ని గుర్తుపెట్టుకోండి.

ఎండ వచ్చాక: సెంటెండ్రె సులువు, కోసెగ్ తీరిక

సెంటెండ్రె గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, చాలామంది చూసే ఉంటారు. బుడాపెస్ట్‌లోని బట్యాని తేర్ కూడలి నుంచి హేవ్ అనే శివారు రైలెక్కితే నలభై నిమిషాలు. 1690లో ఒట్టోమన్లను తప్పించుకుని వచ్చిన సెర్బులు స్థిరపడిన ఊరు, అందుకే అన్ని ఆర్థడాక్స్ చర్చి గోపురాలు. రంగురంగుల ఇళ్ళు, సన్న సందులు, ఐస్‌క్రీమ్. రాళ్ళు పరిచిన వీధుల్లో తోపుడు బండి తొయ్యడం మాత్రం చేతులు నొప్పి పుట్టే పని, చిన్న బిడ్డను క్యారియర్‌లో వేసుకోండి. బుడాపెస్ట్ సిటీ పాస్ నగర సరిహద్దు దాకే చెల్లుతుంది, ఆ పైన దూరానికి టికెట్ తీసుకోవాలి. మన విద్యార్థులు చాలామంది ఇక్కడ జరిమానా కడుతుంటారు.

నేను చెప్పాలనుకున్నది ఊరి చివర ఉన్న స్కాన్‌జెన్ గురించి. దేశం నలుమూలల నుంచి పాత పల్లె ఇళ్ళను విప్పి తెచ్చి మళ్ళీ కట్టిన బహిరంగ మ్యూజియం, 1967లో స్థాపించారు. గాలిమర, రచ్చబండ లాంటి కూడళ్ళు, చర్చిలు, గడ్డి కప్పు ఇళ్ళు, వాటిలో పొయ్యిలు, మంచాలు, ఊయలలు. లోపల తిరగడానికి ఒక చిన్న పాత రైలు కూడా ఉంది. అమ్మ ఒక వంటింట్లో మట్టి పొయ్యి చూసి, దాని ముందు కూర్చునే పీట ఎత్తు సరిగ్గా ఉందో లేదో కూడా చూసుకుంది.

స్కాన్‌జెన్‌కు అది తెరిచి ఉన్న ఏ రోజైనా వెళ్ళొచ్చు కానీ ఈస్టర్ ఆది, సోమవారాలు వేరు. ఈస్టర్ సోమవారం హంగేరీలో మగపిల్లలు ఆడపిల్లల మీద నీళ్ళు చల్లే రోజు. పల్లెల్లో బక్కెట్లతో గుమ్మరించేవాళ్ళు, పట్నాల్లో ఇప్పుడు ఒక చిన్న పద్యం చెప్పి నాలుగు చుక్కల సెంటు చల్లుతారు. బదులుగా ఆడపిల్లలు రంగు వేసిన గుడ్లు ఇస్తారు. మన వసంతాలు చల్లుకోవడం తెలిసిన వాళ్ళకు ఇది అర్థం కావడానికి ఒక్క నిమిషం చాలు. మ్యూజియంలో సంప్రదాయ దుస్తుల్లో ఉన్నవాళ్ళు ఇవన్నీ చేసి చూపిస్తారు, పిల్లలకు మైనంతో గుడ్ల మీద గీతలు గీయడం నేర్పిస్తారు. మా పాప గంటన్నర అక్కడే కూర్చుంది. ఇంకో చోట అది పావుగంట కుదురుగా కూర్చున్నది లేదు.

ఇదే ఈస్టర్‌ని హొల్లోకోలో చూడమని చాలామంది సలహా ఇస్తారు. అది 1987లో యునెస్కో వారసత్వ జాబితాకు ఎక్కిన పల్లె, నిజంగా అందమైనది, అక్కడ బక్కెట్ల నీళ్ళు గట్టిగానే పడతాయి. అయితే అది ఒకే ఒక్క ముఖ్య వీధి ఉన్న చిన్న పల్లె, పండుగ నాడు ఆ వీధి నిండిపోతుంది, వాలు కూడా ఉంది. అమ్మ మోకాళ్ళను తలచుకుని నేను స్కాన్‌జెన్‌కే ఓటేస్తాను. పిల్లలు పెద్దవాళ్ళయి, కారు ఉంటే హొల్లోకో.

కోసెగ్ పూర్తిగా వేరే సంగతి. ఆస్ట్రియా సరిహద్దును ఆనుకుని ఉన్న చిన్న ఊరు. రైల్లో సోంబత్‌హెయ్ దాకా రెండున్నర గంటలు, అక్కడ మారి ఇంకో చిన్న రైలు. ఒక్క రోజులో వెళ్ళి రావడం పిల్లలతో అయ్యే పని కాదు. ఒక రాత్రి ఉండగలిగితేనే పెట్టుకోండి. ఉంటే మాత్రం ఈ నాలుగింటిలో అమ్మకి ఎక్కువ నచ్చిన ఊరు ఇదే. అన్నీ దగ్గర దగ్గర, కూడలిలో కూర్చోవడానికి చోటు, హడావిడి లేదు.

1532లో ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్ సైన్యం వియన్నా మీదకి పోతూ ఈ చిన్న కోట దగ్గర ఆగిపోయింది. యురిషిచ్ అనే కోట అధిపతి, వెయ్యి మంది కూడా లేని జనంతో మూడు వారాల పైగా నిలబెట్టాడు. ఆ సైన్యం వెనుదిరిగింది పగలు పదకొండు గంటలకని చెబుతారు. అందుకే దేశమంతా మధ్యాహ్నం పన్నెండుకి చర్చి గంటలు మోగితే, కోసెగ్‌లో పదకొండుకి కూడా మోగుతాయి. పిల్లలకు ఈ కథ ముందు రోజు రాత్రే చెప్పండి. పొద్దున పదకొండుకి ఐదు నిమిషాల ముందు కూడలిలో నిలబెట్టండి. మా ఇద్దరూ గడియారం చూస్తూ వెనక్కి లెక్కపెట్టారు. గంట మోగగానే పాప నిజంగానే శత్రువులు పోతున్నారేమో అన్నట్టు కోట గుమ్మం వైపు చూసింది.

ఆగస్టులో ఈ ముట్టడినే వేషాలతో ఆడతారు, కత్తులు, గుర్రాలు, అంగడి. మొహాచ్‌కి తీసుకెళ్ళలేని వయసు పిల్లలకు ఇది మంచి ప్రత్యామ్నాయం, ఎందుకంటే జనం అంత ఉండరు, చలి అసలే ఉండదు. ముప్పై దాటే ఎండ హంగేరియన్లకు కష్టం కానీ మన పెద్దవాళ్ళకు అదొక లెక్క కాదు. నాన్న టోపీ కూడా పెట్టుకోలేదు.

ఏప్రిల్ 24న ఇంకో ఆచారం ఉంది, అది నాకు ఇష్టమైనది. సెయింట్ జార్జ్ రోజున ఊరి ద్రాక్షతోటల్లో అప్పటికి వచ్చిన చిగుళ్ళను కోసి తెచ్చి, ఒక పుస్తకంలో వాటి బొమ్మలు గీస్తారు. 1740 నుంచి ఏటా గీస్తూనే ఉన్నారు. ఏ ఏడాది చిగురు ఎంత పొడుగు వచ్చింది, ఏ ఏడాది మంచుకి ఎండిపోయింది అన్నది ఆ పేజీల్లో కనిపిస్తుంది. వ్యవసాయం తెలిసిన పెద్దవాళ్ళు మీతో ఉంటే తప్పకుండా తీసుకెళ్ళండి. పిల్లలకు మాత్రం పది నిమిషాలకే విసుగొస్తుంది, వాళ్ళకోసమైతే ఆగస్టే. పక్కనే ఈరొత్‌కో అనే కొండ, సుమారు 880 మీటర్లు, శిఖరం మీద బురుజు సరిగ్గా సరిహద్దు గీత మీద ఉంటుంది. అటు వైపు వెళ్ళే ఆలోచన ఉంటే అందరి పాస్‌పోర్టులు దగ్గర పెట్టుకోండి.

బలాటన్ సరస్సు ఒడ్డున తిహాన్య్‌లో జూన్‌లో లావెండర్ పూస్తుంది, ఫొటోలు అద్భుతంగా వస్తాయి. అది నేను ఈ పోలికలో పెట్టలేదు. అక్కడికి వెళ్ళేది సరస్సు కోసం, పండుగ కోసం కాదు. ఆగస్టు 20 దేశ పండుగ, ఆ రోజు ప్రతి ఊళ్ళోనూ కొత్త పంట రొట్టెను ఆశీర్వదించి పంచుతారు. దానికోసం దూరం వెళ్ళక్కర్లేదు, మీరుంటున్న పేటలోనే చూడండి.

తిండి, డబ్బు, చలి

శాకాహారులకు పండుగ అంగళ్ళలో తిండి ముందే ఆలోచించుకోవాలి. మొహాచ్‌లో మట్టి కుండలో ఉడికే చిక్కుడు గింజల కూర వాసన ఊరిస్తుంది, అందులో పంది మాంసం ఉంటుంది. పొగాచా అనే చిన్న రొట్టెల్లో కొన్నిటిలో పంది కొవ్వు తునకలు కలుపుతారు, 'షాయ్‌తోష్' అంటే జున్ను వేసినది అడిగి తీసుకోండి. ఒక ఊళ్ళో ఒక భోజనశాలలో కూరగాయల సూప్ అని తెచ్చిస్తే అడుగున మాంసం ముక్కలు తేలాయి. ఆ రోజు అమ్మ అరటిపండ్లతో గడిపింది. అప్పటి నుంచి 'హూష్ నేల్క్యుల్', మాంసం లేకుండా, అని ముందే చెబుతాను. మాంసం లేదన్నా పంది కొవ్వు ఉండొచ్చు కాబట్టి 'జీర్ నేల్క్యుల్' అని కూడా కలపండి.

నమ్మకంగా తినదగినవి: లాంగోష్, మన పూరీని మందంగా, పెద్దగా చేసి పైన పుల్లటి మీగడ, జున్ను వేసినట్టుంటుంది. ఉడకబెట్టిన మొక్కజొన్న. నవంబరులో కాల్చిన చెస్ట్‌నట్లు. నిప్పుల మీద తిప్పుతూ కాల్చే క్యుర్తోష్‌కలాచ్ అనే తీపి రొట్టె అంటే పిల్లలకు ప్రాణం. ఫిబ్రవరిలో ఫాంక్ అనే వేయించిన తీపి బన్ను, ఆప్రికాట్ జామ్‌తో. దాంట్లో గుడ్డు ఉంటుంది, గుడ్డు తినని వాళ్ళకు ముందే చెప్పండి. మేము ఎక్కడికి వెళ్ళినా ఒక పెద్ద డబ్బా పులిహోర వెంట ఉంటుంది. చల్లారినా రుచి పోదు. ఈస్టర్ ఆది, సోమవారాల్లో, ఆగస్టు 20న పెద్ద దుకాణాలన్నీ మూసేస్తారు. నీళ్ళు, పాలు, పిల్లల బిస్కట్లు ముందు రోజే కొనుక్కోండి.

డబ్బు విషయానికొస్తే, 2024 మార్చి నుంచి 14 ఏళ్ళ లోపు పిల్లలకు రైళ్ళు, దూరప్రాంత బస్సులు ఉచితం. కాబట్టి తాతా, సెంటెండ్రె రెంటికీ రైలే మేలు, కారు అక్కర్లేదు. 65 దాటిన వాళ్ళకు ఉచితం అన్న బోర్డు చూసి అమ్మానాన్నలను టికెట్ లేకుండా ఎక్కించకండి. ఆ సౌకర్యం యూరోపియన్ యూనియన్ పౌరుల కోసం. వాళ్ళు నెల పాటు బాగా తిరిగే పనైతే దేశమంతా చెల్లే నెల పాస్ లాభం, 2023లో మొదలుపెట్టినప్పుడు దాని ధర 18,900 ఫోరింట్లు. చిల్లర నాణేలు జేబులో ఉంచుకోండి, చిన్న ఊళ్ళ టాయిలెట్ల దగ్గర కార్డు పనికిరాని చోట్లు ఉంటాయి. పెద్దవాళ్ళతో వెళ్ళినప్పుడు ఊరు చేరగానే నేను మొదట వెతికేది అదే.

చలికి ఒక మందపాటి కోటు కన్నా మూడు పలుచటి పొరలు నయం. పాదాలు వెచ్చగా ఉంటే మిగతాది అంత ఇబ్బంది పెట్టదు, కాబట్టి బూట్ల మీద ఖర్చు పెట్టండి. ఇండియా నుంచి వచ్చేవాళ్ళను అక్కడ కొనుక్కుని రమ్మనకండి, అక్కడ దొరికే చలి బూట్లు ఈ చలికి ఆగవు. ఇక్కడ పిల్లల వస్తువుల సెకండ్ హ్యాండ్ దుకాణాల్లో మంచివి తక్కువకే దొరుకుతాయి.

ఇంతా చదివి కూడా ఎటూ తేలకపోతే, మీ ఇంటికి సరిపోయేది ఇలా చూసుకోండి. చంటిబిడ్డ, కారు లేదు, మొదటి ప్రయాణం: ఈస్టర్‌కి సెంటెండ్రె స్కాన్‌జెన్. పదేళ్ళ పిల్లాడు, ఇంట్లో కాలు నిలవదు: మొహాచ్ ఆదివారం. అమ్మానాన్నలు ఎండాకాలంలో వచ్చారు, ఒక రాత్రి ఉండగలరు: ఆగస్టులో కోసెగ్. అమ్మానాన్నలు చలికాలంలో వచ్చారు, ఇంట్లో కూర్చుని విసిగిపోయారు: తాతా, మధ్యాహ్నం రెండు లోపు చేరుకోండి. పడమటి ఆకాశం కనిపించేలా ఒడ్డున బల్ల చూసుకుని, మూడున్నరకి ఫ్లాస్కు మూత తియ్యండి.